తెల్ల పథ్యం

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు గంటలు!

అర్ధరాత్రికి భయపడేవాళ్ళు తమిళనాడు ధర్మపురి సీమలో ఉచ్చిపొద్దు సంగతి ఎరగరు. సూర్యుడు నడినెత్తికెక్కి, మనిషి నీడ మనిషి పాదాల కిందకే దూరిపోయే ఘడియ అది. ఆ వేళ పిల్లల్ని గడప దాటనివ్వరు. నీడ తోడు లేని మనిషి మీదికి ఏదైనా ఎక్కవచ్చునని అక్కడివాళ్ళ భయం!

ఆ రోజు ఆడి అమావాస్య, పితరులకు నీళ్ళు వదిలే రోజు. వెల్లిచందై ఊరు దాటాక, టమాటా చేల చివర ఉన్న నల్లరాతి గుట్ట కొలిమిలా కాగుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు... అయినా ఎక్కడో ఉరుము! మొండి తాటిచెట్టు తొర్రలో పట్టపగలే గుడ్లగూబ కూసింది... ఒకసారి... రెండుసార్లు...

మూడోసారి కూయకముందే గుట్టెక్కెయ్యాలని మారమ్మ తొందరపడుతోంది. అరవై దాటిన మనిషి. కోడలు సరసును నడుం పట్టి మోస్తున్నట్టుగా నడిపిస్తోంది. వెనకాల మనవరాలు కవిప్రియ. ఎనిమిదేళ్ళది. నడుస్తుంటే దాని మోకాళ్ళు లోపలికి ఒరిగి ఒకదాన్నొకటి రాచుకుంటున్నాయి. కొడుకు ఎల్లప్పన్ బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ఇంట్లో దెయ్యం దూరిందని ఫోన్లో చెబితే, ముందు ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. మారమ్మ ఫోన్ పెట్టేసింది.

దెయ్యం కాక మరేమిటి? సరసుకు ముప్పై రెండేళ్ళు. మూడేళ్ళ నాడు టమాటా బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కిన పిల్ల, ఇప్పుడు విల్లులా వంగిపోయింది. మెడ తిరగదు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే తల కదలక, కనుగుడ్లు మాత్రం మూలకు జారి తెల్లగా మెరుస్తాయి. పడుకోబెడితే అరుపు... లేపితే అరుపు! ఆ చూపు చూసి ఇరుగుపొరుగు తలుపులు వేసుకున్నారు.

వేరే మాట చెప్పినవాళ్ళు లేకపోలేదు. పోయిన ఏడు చెట్టికరై సర్కారు కాలేజీలో చదివే తమిళరసి అనే అమ్మాయి వచ్చి, ఊరి నీళ్ళన్నీ సీసాల్లో పట్టుకుపోయింది. తిరిగొచ్చి గుట్ట మీది బోరు పైపుకు ఎర్రరంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేసింది. ఈ నీళ్ళలో ఫ్లోరైడ్ అనే విషం ఉందనీ, పళ్ళకు గార పట్టేదీ ఎముకలు బిగుసుకుపోయేదీ దానివల్లేననీ ఇంటింటికీ తిరిగి చెప్పింది. పాలూ గుడ్డూ ఆకుకూరా పడే ఒంట్లో ఆ విషం ఆట అంత సాగదనీ, తాగడానికి కొళాయిలో వచ్చే కావేరి నీళ్ళే పట్టుకోమనీ బతిమాలింది.

ఆ పిల్ల బస్సెక్కిన మరునాడే మంత్రవాది రంగసామి ఆ ఇంటూ నడుమ నిలువునా ఒక గీత గీశాడు. అంతే... పైన మూడు మొనలు లేచి అది త్రిశూలమైపోయింది! సర్కారు చేతనే కాళి తన గుర్తు వేయించుకుందన్నాడు. సాయంత్రానికల్లా బోరుకు పసుపు, కుంకుమ, వేపమండలు! తాగవద్దని వేసిన గుర్తుకు ఊరు ఊరంతా దండం పెట్టింది. మొదటి టెంకాయ కొట్టింది మారమ్మే.

తొమ్మిది వందల అడుగుల బోరు అది. రంగసామి దాన్ని పాతాళగంగ అంటాడు. నడుం వంగిన ప్రతి ఇంటికీ ఆయన మంత్రించి ఇచ్చేది ఆ నీళ్ళే. ఊళ్ళో వంగిన నడుములు పెరిగేకొద్దీ ఆయన ముందు వంగేవాళ్ళూ పెరిగారు.

సరసును చూసి రంగసామి ఇరవై ఒక్క రోజుల తెల్ల పథ్యం విధించాడు. తెల్లటి వస్తువు వాసనకే దెయ్యం వస్తుందట! పాలు, పెరుగు, చల్ల, గుడ్డు... ఏవీ ముట్టరాదు. అన్నంలో కూడా పసుపు కలిపి తెలుపు చంపాలి. మరి పాలలో పసుపు కలిపితే సరిపోదా సామీ అని మారమ్మ అమాయకంగా అడిగితే, పాలకు లోపల కూడా తెలుపేనని ఉరిమి చూశాడు. పసుపన్నం, పాలు లేని టీ, పాతాళగంగ... అవే సరసుకు ఆహారం. ఇంట్లో ఇంకెవరూ తెల్లది ముట్టరాదన్నాడని, కవిప్రియ బడిలో పెట్టే ఉడకబెట్టిన గుడ్డును కూడా పక్కన కూర్చునే వినోదినికి ఇచ్చేసేది. ఇరవై రోజుల్లో సరసు సగమైంది. ప్రతి పూటా చల్ల కావాలని ఏడ్చింది. అడిగేది కోడలు కాదు, లోపలున్న దెయ్యమని మారమ్మ మనసు రాయి చేసుకుంది.

ఇవాళ ఇరవై ఒకటో రోజు. దెయ్యాన్ని దించి, కవిప్రియకు కూడా పథ్యం మొదలుపెట్టాలని రంగసామి కబురు పంపాడు. ఈసారి ఒక మండలం... నలభై ఎనిమిది రోజులు! దెయ్యం చూపు అప్పుడే పిల్ల మోకాళ్ళ మీద పడిందట.

గుట్ట మీద ఇరవై మంది దాకా చేరి ఉన్నారు. రేకుల షెడ్డు ముందు ముగ్గు... ముగ్గు నడుమ అరటాకు... ఆకు మీద కుంకుమ పులిమిన కపాలం! దాని పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు. ఎండ పడి ఆ చారలు నవ్వుతున్నట్టున్నాయి. దాని వెనక రంగసామి... అరవై అయిదేళ్ళ వయసులోనూ తాటిమానులా నిటారుగా, నల్ల పంచె కట్టి, కళ్ళు చింతనిప్పులు చేసుకుని నిలబడి ఉన్నాడు.

డమరుకంలాంటి ఉడుకు మోగింది. వేపమండ సరసు వీపు మీద ఝళిపించాడు. భీకర బీజాక్షరాలు రాళ్ళకు తగిలి మారుమోగాయి... హ్రాం... హ్రీం...! పొగ సుడులు తిరిగింది. మూలుగుతూ ఉన్న సరసు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో గుడ్లగూబ మూడోసారి కూసింది!

రంగసామి కపాలాన్ని కుడిచేత్తో ఎత్తి పట్టుకున్నాడు. ఆ సీమలో దెయ్యం దించేవాడికి ఒక కట్టు ఉంది. పిలిచినవాడు దాని చివరి కోరిక అడగాలి, అడిగినది ఇచ్చి పంపాలి. ఇవ్వకపోతే అది పిలిచినవాడినే పట్టుకుంటుంది. ఎప్పుడూ అడిగేవి తెలిసినవే... నల్లకోడి, చుట్ట, సారాయి. ఆ ధైర్యంతోనే రంగసామి అందరికీ వినబడేలా అన్నాడు.

"ఏం కావల్నో అడుగు. ఇచ్చి పంపిస్తాను. నా గురువు మీద ఆన."

సరసు పెదవులు కదిలాయి. వచ్చిన గొంతు సరసుది కాదు. ఎండిన బావి అడుగు నుంచి వచ్చినట్టుంది.

"సల్ల పొయ్యి, సిన్నమామా. నోరు ఎండిపోతా ఉండాది."

గుట్ట మీద గాలి ఆగిపోయింది. రంగసామిని చిన్నమామా అని పిలిచిన మనిషి ఈ లోకంలో ఒక్కతే... ఆయన అక్క కూతురు, ఆయన పెళ్ళాం పెరుమాయి! పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపు మానలేదు. మొగుడు పెట్టిన పథ్యంలో కొయ్యబారిపోయి, చచ్చి తొమ్మిదేళ్ళయింది.

రంగసామి ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. తెల్లది ఇస్తే తన పథ్యం అబద్ధం. ఇవ్వకపోతే తన ఆన అబద్ధం. గొంతు సర్దుకుని, అది కాదు, ఇంకోటి అడగమన్నాడు. నల్లకోడి ఇస్తానన్నాడు.

"నల్లకోడి నాకెందుకు? ముప్పై దినాలు సల్ల అడిగినాను. నువ్వు పాతాళగంగ పోస్తివి. నా తలకాయ నీ చేతిలోనే ఉండాది కదా... దాన్నే అడుగు, ఏమి అడుగుతా చచ్చిందో."

జనం నాలుగడుగులు వెనక్కి వేశారు. ఎవరో కపాలం పళ్ళకేసి చూసి నోరు మూసుకున్నారు. రంగసామి మాత్రం తేరుకుని మారమ్మ వైపు తిరిగాడు. ఇది మాయ అన్నాడు. షెడ్డు లోపల పాతాళగంగ కలశం ఉంది, తెచ్చి ముందు పిల్లకు తాగించు అని ఆజ్ఞాపించాడు.

"తెల్లది దీని నోట్లో పడిందంటే, ఇది దిగి నీ మనవరాలి కాళ్ళెక్కుతాది మారమ్మా. ఆపైన నీ ఇష్టం."

మారమ్మ కవిప్రియ మోకాళ్ళ వైపు చూసింది. ఆ రెండు కాళ్ళ కోసమే కదా ఇంతా! షెడ్డులోకి వెళ్ళింది.

లోపల చీకటి. తడుముకుంటూ పోతే కలశం కంటే ముందు ఇంకేదో చేతికి తగిలింది. గోనెపట్టా కప్పి ఉంది. పట్టా తీసింది... నీలంరంగు నీళ్ళ క్యాను! టౌను నుంచి వచ్చే తాగునీళ్ళ క్యాను. పక్కన ఖాళీవి ఇంకో మూడు. పైన ఉట్టిలో మట్టికుండ. దించి చూసింది... గడ్డ పెరుగు. మీగడ కట్టి, చల్లగా... తెల్లగా!

మారమ్మ వేలు ముంచి నాలుకకు రాసుకుంది. రంగసామి నడుం ఎందుకు వంగలేదో అప్పుడు తెలిసింది. ఇరవై రోజులు చల్ల కోసం ఏడ్చింది దెయ్యం కాదు... తన కోడలే! ఆ ఏడుపు విని తలుపు మూసుకున్నది తనే. కలశాన్ని తన్నేసి, కుండలో క్యాను నీళ్ళు పోసి, చేత్తోనే చిలికి బయటికి వచ్చింది.

రంగసామి అడ్డం వచ్చాడు. మారమ్మ ఆగలేదు.

"ఇది నీ ఉట్టి మీది పెరుగే, సామీ. నువ్వు దినమూ తినేదే. నీకెక్కని దెయ్యము నా బిడ్డకెందుకు ఎక్కుతాది?"

రంగసామి పళ్ళు పటపట కొరుకుతూ కుండను తన్నడానికి కాలెత్తాడు...

అప్పుడు తిరిగింది సరసు మెడ!

ఏడాదిగా అంగుళం కదలని మెడ... ఎండుకొమ్మ విరుగుతున్నట్టు చప్పుడు చేస్తూ... మెల్లగా... మెల్లగా ఆయన వైపు తిరిగింది. ఆ కళ్ళలోంచి పెరుమాయి చూసింది!

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. దించాలని రంగసామి పెనుగులాడాడు. మోకాలు కటుక్కుమంది. నడుం కటుక్కుమంది. వెన్నుపూసలు ఒక్కొక్కటే ఒకదానికొకటి అతుక్కుంటున్న చప్పుడు ఆ మండుటెండలో అందరికీ వినబడింది! పక్కటెముకలు కౌగిలించుకున్నట్టు బిగిశాయి. మంత్రం కోసం నోరు తెరిచాడు... తెరిచిన దవడ తెరిచినట్టే గడ్డకట్టింది! పాతాళగంగ తాగి ఇన్నేళ్ళుగా ఎందరి ఒళ్ళలోనో చుక్కచుక్కగా పేరుకున్న బిగుసు, ఒక్క నిమిషంలో ఆయన ఒంట్లోకి దిగింది. ఒకే ఒక్క ఎముకలా, ఒంటికాలి మీద, ఊగుతూ నిలబడ్డాడు. కళ్ళు మాత్రం అటూ ఇటూ తిరుగుతూ దారి వెతికాయి...

తర్వాత కొట్టేసిన మానులా వెల్లకిలా రాతి మీద పడ్డాడు.

ఆయన్ను పాడె మీదికి ఎక్కించగలిగారు గానీ, ఎత్తిన కాలు దించలేకపోయారు. కుడిచేతి వేళ్ళ నుంచి కపాలాన్ని విడిపించడం ఎవరి తరమూ కాలేదు. మొగుడూ పెళ్ళాలను కలిపే పూడ్చారు.

సరసు ఆ కుండెడు చల్ల ఆపకుండా తాగింది. సగం తాగేదాకా గొంతులో గుటక గుటకకూ రెండు చప్పుళ్ళు వినబడ్డాయని మారమ్మ అంటుంది. ఆపైన ఒకటే. మెడ మళ్ళీ బిగుసుకుపోయింది. దెయ్యం దిగింది గానీ ఎముకల బిగుసు వదల్లేదు. ఆలస్యమైందనీ, నొప్పి తగ్గించగలం గానీ మునుపటిలా చెయ్యలేమనీ ధర్మపురి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. పిల్ల విషయంలో ఇంకా టైం ఉందట. నీళ్ళు మార్చి, తిండి మార్చి, బలానికి మందులు వాడితే కాళ్ళు ఇంకా ఒరగకుండా ఆపవచ్చట. ఆ మాట విని మారమ్మ ఆసుపత్రి వరండాలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో మారమ్మ గ్లాసు నిండా చల్ల పోసి కవిప్రియ చేతిలో పెట్టింది. పిల్ల తాగలేదు. గ్లాసులోని తెల్లదనాన్ని, మంచం మీద ఒత్తిగిలి ఉన్న తల్లిని మార్చి మార్చి చూసింది. వాకిట్లో ఏదో అలికిడైంది. గాలేమో...

"ఇది తాగితే దెయ్యం వస్తాదా అమ్మా?"

సరసు మెల్లగా ఒళ్ళంతా కూతురి వైపు తిప్పుకుంది.

"రానీ మే. వస్తే దానికీ ఒక గ్లాసు పొయ్యి."