ఉతికిన చొక్కా

మధ్యాహ్నం కళాకేంద్రానికి చేరేసరికే ఆరో తరగతి పిల్లలు అలిసిపోయారు. బడి నుంచి ఎండలో కిలోమీటరు నడక. వచ్చీ రాగానే కుర్చీలు మోసే పని. నాలుగున్నరకి ప్రదర్శన మొదలు.

క్రోసూరు దగ్గరి ఆ పాత పత్తి గోడౌనే ఇప్పుడు కళాకేంద్రం. బయటి ఊళ్ల కళాకారులు వచ్చి మూడు నెలలు అక్కడే ఉండి పనిచేస్తారు. చివర్లో చేసిందంతా ఊరికి చూపిస్తారు. ఈసారి ఒకాయన రాతి బొమ్మలు చెక్కాడు. దీపిక అనే ఆమె మాత్రం గోడకి తీగ కట్టి పన్నెండు చొక్కాలు వేలాడదీసింది.

అవి మిరపకాయలు కోసే ఆడవాళ్లవి. ఘాటు ఒంటికి తగలకుండా చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుని కోతకి పోవడం ఇక్కడ మామూలే. ఒక్కో చొక్కా కింద ఒక్కో పేరు రాసి ఉంది.

కుర్చీ మోసుకొస్తున్న నిస్సీ, ఏడో చొక్కా కింద ‘మరియమ్మ’ అన్న పేరు చూసి ఆగిపోయింది. మరియమ్మ వాళ్లమ్మే. మోచేతుల దగ్గర చిరుగులు, వీపు మీద చెమట చారలు, ముంజేతుల నిండా ఎర్ర మరకలు. ఇంకాసేపట్లో టీచర్లు, క్లాసు పిల్లలు, ఊరంతా దాన్ని చూస్తారు. నిస్సీకి చచ్చేంత సిగ్గేసింది.

దీపిక భోజనానికి వెళ్లగానే చొక్కా లాగి చంకలో పెట్టుకుని వెనక కుళాయి దగ్గరికి పరిగెత్తింది. అక్కడున్న సబ్బుముక్కతో రుద్దింది. మరక ఒక పట్టాన వదల్లేదు. కాసేపటికి మిరప ఘాటుకి అరచేతులు మండాయి. ఆ చేత్తోనే చెమట తుడుచుకుంది. ఇంకేముంది, కళ్లు తెరవలేకపోయింది.

అమ్మ రోజూ చేను నుంచి రాగానే మంట తగ్గాలని చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చుంటుంది. అప్పుడే అన్నం పెట్టమని నిస్సీ సతాయిస్తుంది. అది గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

బండ మీద ఆరేసి, నాలుగింటికి చొక్కాని తీగకి తగిలించేసింది. దీపిక వచ్చి చూసి కుర్చీలో కూలబడింది. ఉతకొద్దని ఒక్కొక్కరినీ బతిమాలి తెచ్చుకున్నానని నీరసంగా అంది. ఎవరు చేశారని అడిగే ఓపిక కూడా లేనట్టుంది.

జనం వచ్చారు. నిస్సీ క్లాసు నిహారిక ఏడో చొక్కా దగ్గర ఆగింది.

“ఇదొక్కటే ఇంత శుభ్రంగా ఉందేంది?”

నిస్సీ నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అప్పుడే గుమ్మంలో అమ్మ కనిపించింది. కోత నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఒంటి మీద ఇంకో చొక్కా ఉంది. లోపలికి రావాలా వద్దా అని నిలబడింది.

“అది మా అమ్మది. నేనే ఉతికాను,” అంది నిస్సీ. “అందరూ చూస్తారని సిగ్గేసింది.”

మరియమ్మ విన్నది. ఆమె ముఖం చిన్నబోయింది.

“ఉతికితే మాత్రం మరక పోద్దా ఏందే? రేపు మళ్లీ అయ్యేదేగా,” అంది మెల్లగా.

నిస్సీ వెళ్లి అమ్మ చెయ్యి పట్టుకుంది. అదీ మండుతూనే ఉంటుందని ఇప్పుడు తెలుసు.

“అమ్మా, నువ్వేసుకున్న చొక్కా ఇయ్యి.”

“రేపు కోతకి ఏం తొడుక్కోవాలే?”

నిస్సీ ఉతికిన చొక్కా దించి అమ్మ భుజం మీద వేసింది. అమ్మ విప్పి ఇచ్చిన, చెమటతో తడిసిన చొక్కా తీసుకుని, మరకలు అందరికీ కనబడేలా దాని చేతులు రెండూ చాపి, ‘మరియమ్మ’ అన్న పేరు పైన తగిలించింది.