ఫోటో అయ్యాక తిరిగిచ్చెయ్యాలి

క్యాంపు డాక్టరును పట్టపగలు, రోగి నాడి చూస్తుండగానే కాల్చేశారు. ఆయన చేసిన నేరమల్లా ఒకే ప్రశ్నను పదేపదే అడగడం. "ఇన్సులిన్ ఎందుకు రావడం లేదు?" అని ఫోన్ మీద ఫోన్ చేసి పైవాళ్ళ ప్రాణం తోడేశాడు. చంపినవాడు సహాయ సంస్థ జాకెట్ వేసుకుని లోపలికి వచ్చాడు. పని ముగించుకుని, గుమ్మం దగ్గర వరసలో ఉన్న జనానికి దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. ఆ జాకెట్ వేసుకున్నవాణ్ణి శరణార్థుల క్యాంపులో ఎవరూ ఆపరు.

ఆ కబురు అందగానే సీక్రెట్ ఏజెంట్ ఉడుత ఒక డ్రైక్లీనింగ్ షాపు మెట్లెక్కాడు.

"ఈ మరక పోతుందా?" అని కౌంటర్‌లో అడిగాడు.

"కొన్ని పోవు. మడతలో దాచుకోవాలి," అంది అక్కడున్న అమ్మాయి, వెనక తలుపు తీస్తూ.

లోపల ఇస్త్రీ ఆవిరిలో, హ్యాంగర్లకు వేలాడే కోట్ల మధ్య సీక్రెట్ సర్వీస్ చీఫ్ కూర్చుని ఉంది. డిపార్ట్‌మెంట్ మొత్తం ఆవిణ్ణి పెద్దమ్మ అంటుంది. ఎవరినైనా చావుకు పంపేముందు టీ ఇవ్వడం ఆవిడ అలవాటు. ఉడుత చేతికి పెద్ద కప్పు ఇచ్చింది. అతనికి విషయం సగం అర్థమైంది.

"సరిహద్దు అవతల యుద్ధంలో ఒక ఆసుపత్రిని ఫిరంగులతో కూల్చారు, తెలుసుగా? ఆ ఆర్డర్ ఫోన్‌లో వెళ్ళింది. ఎక్స్ఛేంజీలో ఆ లైను కలిపిన ఆపరేటరమ్మ మాటలన్నీ వింది. ఆ గొంతు ఏ జనరల్‌దో ఆవిడకు తెలుసు. అంతర్జాతీయ కోర్టులో నోరు విప్పితే వాడి పని అయిపోయినట్టే."

"ఇప్పుడెక్కడుంది?"

"మన క్యాంపులోనే, మారుపేరుతో. మనల్ని కూడా నమ్మదు. తెలివైన మనిషి. కానీ కూతురికి షుగర్. ఇన్సులిన్ లేనిదే బతకదు. అంతవరకు 'గొడుగు'కు తెలిసిపోయింది."

గొడుగు అంటే ఆ జనరల్ పెంచిపోషిస్తున్న విదేశీ గూఢచారి ముఠా. ఎవరో ఒకరి నీడలో బతకడం వాళ్ళ పద్ధతి. ఈసారి వాళ్ళు దొరకబుచ్చుకున్నది సహాయ సంస్థ నీడ.

"అందుకే క్యాంపుకు ఇన్సులిన్ రాకుండా ఆపారు," అంది పెద్దమ్మ. "ఈలోగా షుగర్ ఉన్న ముసలివాళ్ళు ఇద్దరు పోయారు. వాళ్ళు ఎవరి లెక్కలోకీ రారు. రేపు పంపిణీ ఉంది. ఇన్సులిన్ వచ్చిందని మైకులో చెబుతారు. పిల్లనెత్తుకుని ఎవరు పరిగెత్తుకొస్తే ఆవిడే మన సాక్షి."

"రాగానే కాల్చేస్తారా?"

"ఛ, సాక్షిని చంపితే ప్రపంచమంతా గోల. అదే పిల్ల పోతే? క్యాంపులో రోజూ ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. ఆ మందులో విషం ఉంది నాయనా. తల్లి చేతే ఎక్కిస్తారు. ఇక ఆవిడ ఏ కోర్టుకు వెళ్తుంది?"

ఉడుత కప్పు కింద పెట్టేశాడు. కత్తితో చంపినవాళ్ళను చూశాడు, కారుతో గుద్దినవాళ్ళను చూశాడు. ఆ పనుల్లో కనీసం చంపేవాడి చెయ్యే మలినమవుతుంది. కన్నతల్లి చేతికి ఆ మురికి పూయాలనుకున్న బుర్రను మాత్రం ఇదే చూడడం.

పెద్దమ్మ ఒక కెమెరా ఇచ్చింది. "అసలు మందు మూత మీద కంటికి కనిపించని పూత ఉంటుంది. ఈ లెన్స్‌లోంచి చూస్తే నీలంగా మెరుస్తుంది. నకిలీది మెరవదు. ఇదిగో, అసలు పెట్టె. విషం పెట్టె తీసి దీన్ని పెట్టాలి. అది ఎక్కడుందో ఆ సంస్థలోనే ఉన్న అత్తరు చెబుతుంది."

"అత్తరు మనవైపేనా?"

"నెలలో సగం రోజులు."

"మిగతా సగం?"

"అది కనుక్కోవడానికే నిన్ను పంపుతున్నది. గాలింపు పెట్టి గొడవ చేశావా, పెట్టె మాయం చేసి ఇంకో దారి వెతుకుతారు. మన వాళ్ళిద్దరు ముసలి వేషాల్లో క్యూలో ఉంటారు. ఎర్ర ఫ్లాష్ వెలిగిస్తే కదులుతారు."

మర్నాడు పొద్దున్నే ఉడుత జేబుల చొక్కా, బొచ్చు టోపీ, నిర్లక్ష్యం మూడూ తగిలించుకుని ప్రెస్ ఫోటోగ్రాఫర్ అయిపోయాడు. క్యాంపులో అన్నిటికంటే పెద్ద గుడారం స్టేజీది. దాని మీద కట్టిన ఫ్లెక్సీని చింపితే కనీసం పది కుటుంబాలకు వాన తడవకుండా పైకప్పు అయ్యేది. అందులో దాతలందరూ నవ్వుతున్నారు.

సహాయ సంస్థ మేనేజర్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. "మీ చేతుల్లోనే ఉంది సార్ అంతా. ఫోటో బాగుంటేనే వచ్చే ఏడు ఫండ్స్. మీరెలా చెబితే అలా నడిపిస్తాం."

పంపిణీ మొదలైంది. ఒక తాత స్టేజీ ఎక్కాడు. దాత దుప్పటి కప్పాడు. ఉడుత క్లిక్‌మనిపించాడు. తాత దుప్పటిని గుండెకు హత్తుకుని మెట్లు దిగాడో లేదో, ఒక వాలంటీర్ దాని కొస పట్టుకున్నాడు.

"ఇలా ఇచ్చెయ్యి తాతా."

"ఇప్పుడేగా ఇచ్చారు?"

"అది ఫోటోకి. నీది తర్వాత వస్తుంది."

తాత వదిలేశాడు. అదే దుప్పటి మళ్ళీ మడతపడి స్టేజీ ఎక్కింది. తర్వాతి దాత, తర్వాతి ముసలమ్మ, అదే దుప్పటి. ఆ తర్వాత ఒకే బియ్యం బస్తా ఊరేగింపు విగ్రహంలా ఎక్కడం, దిగడం. మేనేజర్ సిగ్గుపడలేదు సరికదా, గర్వంగా వివరించాడు.

"దాతలెక్కువ, స్టాక్ తక్కువ సార్. ప్రతి దాతకీ ఒక ఫోటో కావాలి. సర్దుకోవాలిగా మరి?"

శత్రువు దుర్మార్గానికి ఒక లెక్క ఉంది, ఒక జనరల్‌ను కాపాడుకోవడం. వీళ్ళకు అదీ లేదు. చలికి వణికే మనిషి భుజం మీంచి దుప్పటి లాగుతూ కూడా తాము పుణ్యం చేస్తున్నామనే అనుకుంటున్నారు.

అప్పుడు తెల్లకారు దిగింది అత్తరు. ఆవిడ ఒకప్పటి సినిమా తార, ఇప్పుడు సంస్థకు ప్రచారకర్త. తెల్లబట్టలు, నల్లకళ్ళద్దాలు, గుడారం అవతల నుంచే ముక్కుకు తగిలే పరిమళం. ఉడుత పక్కనుంచి వెళుతూ పెదవి కదపకుండా అడిగింది. "ఈ మరక పోతుందా?"

"కొన్ని పోవు."

"మడతలో దాచుకోవాలి. రెండో లారీ, ఐసు పెట్టె కింద అర. త్వరగా."

ఉడుత లెన్సులు మార్చుకునే మిషతో లారీ వెనక్కి చేరి, టార్పాలిన్ సందులోంచి లోపలికి జారాడు. ఐసు ముక్కల కింద చిన్న తెల్ల పెట్టె దొరికింది. బయట బూట్ల చప్పుడు. లెన్స్‌తో చూసే వ్యవధి లేదు. తన పెట్టెను అక్కడ పెట్టి, ఆ పెట్టెను కెమెరా బ్యాగులో వేసుకుని బయటపడ్డాడు. పని ఇంత సులువుగా అయిపోతే అనుమానించాలి. గూఢచారి బడిలో మొదటి పాఠం అదే. అతను స్టేజీ వైపు పరిగెత్తే హడావిడిలో ఆ పాఠం మరిచాడు.

మైకు మోగింది. "షుగర్ ఉన్న పిల్లలకు ఇన్సులిన్ వచ్చింది. తల్లులు ముందుకు రావాలి."

జనాన్ని తోసుకుంటూ ఒకావిడ వచ్చింది. చంకలో ఎనిమిదేళ్ళ పిల్ల తల వాల్చేసి ఉంది. ఇన్నాళ్ళూ మారుపేరు వెనక దాక్కున్న మనిషి, అందరి కళ్ళ ముందు మెట్లెక్కుతోంది. ప్రమాదమని ఆవిడకు తెలుసు. తెలిసే వచ్చింది.

ఇద్దరు వాలంటీర్లు మెట్లకు చెరోవైపు జరిగారు. ఇద్దరి కుడిచేతులూ జాకెట్ల లోపలే ఉన్నాయి.

లారీలోంచి మందు ఎవరూ తేలేదు. అత్తరు తన హ్యాండ్‌బ్యాగు తెరిచి, తెల్ల పెట్టె తీసి, సీసా పైకెత్తి చూపి తల్లి చేతిలో పెట్టింది. ఉడుత లెన్స్ తిప్పాడు. మూత మెరవలేదు. గబుక్కున తన బ్యాగులోని పెట్టెను తెరిచి చూశాడు. నీలంగా మెరిసింది. అతన్ని రెండో లారీకి పంపింది నిక్షేపంలాంటి అసలు మందును అసలు మందుతోనే మార్చడానికి!

అప్పటికే తల్లి స్టేజీ మెట్టు మీద కూలబడి, సిరంజిలోకి మందు లాగేసింది. పిల్ల చొక్కా పైకెత్తి పొట్ట మీద చర్మం పట్టుకుంది. విషమని అరిస్తే ఆ ఇద్దరి జేబుల్లోంచి తుపాకులు బయటికొస్తాయి. తల్లి, పిల్ల, క్యూలో జనం, ఎవరు మిగులుతారో తెలియదు. అరవకపోతే పిల్ల మిగలదు.

సూది చర్మానికి ఆనింది.

"ఆపండి! ఫోటో రాలేదు! రీటేక్!" అని ఉడుత గుడారం అదిరేలా అరిచాడు.

ఆ మాటకు అక్కడున్న మహిమ అంతా ఇంతా కాదు. పిల్ల ప్రాణం పోతోందంటే ఎవరైనా కదిలేవారో లేదో గానీ, ఫోటో పోయిందనగానే మేనేజర్ ఒక్క ఉరుకున వచ్చి తల్లి మణికట్టు పట్టుకున్నాడు.

"ఇలా ఇచ్చెయ్యమ్మా, మళ్ళీ తియ్యాలట!"

"బాబ్బాబు, ఒక్క నిమిషం! పిల్ల స్పృహలో లేదు!"

"పాపం, వదిలెయ్యండి. ముందు పాపకు మందు పడనివ్వండి," అంది అత్తరు, గొంతులో తేనె కారుస్తూ.

"కుదరదు మేడమ్! ఆ సిరంజి కూడా తీసెయ్యండి, ఫ్రేములో అసహ్యంగా ఉంది!" అన్నాడు ఉడుత.

క్యూలోంచి ఒక ముసలమ్మ "నీ కెమెరా మండిపోనూ, నువ్వు మనిషివేనా!" అని శాపనార్థాలు పెట్టింది. ఉడుతకు ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. జాలి పడ్డ నోరు పిల్లను చంపుతోంది, కసాయిలా అరిచిన నోరు బతికిస్తోంది. ఇంత పాడు స్టేజీ మీద న్యాయం కూడా వేషం కట్టుకునే రావాలి కాబోలు.

మేనేజర్ సీసా, సిరంజి లాక్కుని అలవాటుగా కోటు జేబులో వేసుకున్నాడు. ఉడుత తన బ్యాగులోంచి పెట్టె తీసి అత్తరు చేతికిచ్చాడు.

"ఇది ఇవ్వండి మేడమ్. దీని మీద లైటు బాగా పడుతుంది. సిరంజి కూడా లోపలే ఉంది."

అత్తరు ఆ పెట్టెను చూసింది, అతన్ని చూసింది. ఎదురుగా పదిమంది విలేకరులు, వంద సెల్‌ఫోన్లు. నవ్వు చెక్కుచెదరకుండా అసలు మందును తల్లి చేతిలో పెట్టింది. జీవితంలో మొదటిసారి ఆవిడ నిజంగా సాయం చేసింది, పళ్ళు కొరుక్కుంటూ.

"ఆ ఇద్దరు వాలంటీర్లు కూడా ఫ్రేములోకి రావాలి! చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టండి!"

వాళ్ళు కదల్లేదు. మేనేజర్‌కు ఒళ్ళు మండింది. "చెవుడా మీకు? సార్ చెప్పినట్టు చెయ్యండి!" అంటూ ఇద్దరి చేతులూ స్వయంగా జాకెట్లలోంచి లాగి పైకెత్తాడు. ఎర్ర ఫ్లాష్ వెలిగింది. క్యూలోని ఇద్దరు 'ముసలివాళ్ళు' వెనకనుంచి ఆ చప్పట్ల చేతులకు బేడీలు తగిలించారు.

ఈలోగా తల్లి ఎవరినీ అడగకుండా పిల్లకు మందు ఎక్కించేసింది. ఫోటో కూడా అయింది. కనుక మేనేజర్ మళ్ళీ ఆవిడ ముందు చెయ్యి చాచాడు.

"మిగిలింది ఇలా ఇచ్చెయ్యమ్మా."

ఉడుత ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి మెలితిప్పి, రెండో చేత్తో అతని కోటు జేబులోని విషాన్ని తీసుకున్నాడు. "ఇది ఆవిడది. ఆవిడ దగ్గరే ఉంటుంది."

"అది మా రూలు కాదు సార్!" అని మేనేజర్ నొప్పితో కీచుమన్నాడు.

అత్తరు సందడిలో జారుకుని తన తెల్లకారు ఎక్కింది. వెనక సీట్లో పెద్దమ్మ టీ ఫ్లాస్కుతో కూర్చుని ఉంది.

"నేను మీ మనిషిని పెద్దమ్మా!"

"తెలుసమ్మా. అందుకే నేనే వచ్చాను. పరాయిదానివైతే పోలీసుల్ని పంపేదాన్ని." కప్పు నింపి ఇచ్చింది. పెద్ద కప్పు.

సాయంత్రం ఉడుత ఒకటే అడిగాడు. "ఆ మేనేజర్ సంగతి?"

"అతను శత్రువు కాదుగా, మన పరిధిలోకి రాడు. నీ రీటేక్ ఫోటో అన్ని పేపర్లలోనూ వస్తోంది. సంస్థకు ఫండ్స్ రెట్టింపయ్యాయట."

ఉడుత బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు. నోట్లో చేదు మాత్రం పోలేదు.

రెండు రోజుల తర్వాత మందుల సంచితో, తల్లీకూతుళ్ళను దాచిన సేఫ్‌హౌస్‌కు వెళ్ళాడు. ఆపరేటరమ్మ సాక్ష్యానికి ఒప్పుకుంది. పిల్ల మంచం మీద కూర్చుని కాళ్ళూపుతోంది. కొత్త ఇన్సులిన్ పెట్టె ఇవ్వగానే తల్లి గబగబా పిల్ల జుట్టు చేత్తో దువ్వింది, తన కొంగు సర్దుకుంది, పెట్టెను గుండెల దగ్గర నిలువుగా పట్టుకుని, పళ్ళు కనిపించేలా నవ్వింది. అలాగే ఉండిపోయింది.

"ఎటు చూడాలి బాబూ?" అని అడిగింది. అతను ఒక అడుగు ముందుకు వేసేసరికి నవ్వు తగ్గించకుండానే పెట్టెను అతని వైపు చాచింది. "అయిపోయిందా? ఇదిగో, తీసుకోండి."

ఉడుత ఆ పెట్టెను ఆవిడ ఒళ్ళో పెట్టాడు. "ఎటూ చూడక్కర్లేదక్కా. ఫోటో లేదు. అది మీదే."

ఆవిడ నవ్వు ఆగింది. చాలాసేపు పెట్టెను తడిమింది. తర్వాత ఏడుపు మొదలైంది, ఇల్లు పోయినప్పుడు కూడా రానంత ఏడుపు. కళ్ళప్పగించి చూడడానికే జీతం తీసుకునే మనిషి, ఆ పూటకు జీతం వదులుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.