కిటికీ దాకా వస్తే చాలు

మెయిన్ రోడ్డు మీద, ఇనుప గ్రిల్స్ చేసే వర్క్‌షాపు పక్కన ఒక ఇల్లు ఉంది. దాని ముందు బస్టాపు బోర్డు కూడా ఉంది. కానీ చీకటి పడ్డాక ఏ డ్రైవరూ అక్కడ బస్సు ఆపడు. కాస్త ముందుకు పోయి ఆపుతాడు. దిగేవాళ్ళు కూడా ఎందుకని అడగరు.

ఆ ఇంట్లో అద్దెకి దిగినవాళ్ళెవరూ నిలవలేదు. ఒకాయన సామాను దింపిన రాత్రే మళ్ళీ బండికెక్కించాడు. ఇంకో కుటుంబం నెల తిరక్కుండా వెళ్ళిపోయింది — వంటింట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్నారని. ఆఖరున వచ్చిన కుర్రాళ్ళు ఏడాదికి సరిపడా హైస్పీడ్ ఇంటర్నెట్ పెట్టించుకుని, దాన్ని కూడా వదిలేసి పారిపోయారు.

"చూశావా, దెయ్యానికేమో హైస్పీడు, మనకేమో ఈడ్చుకుంటూ నడిచే ఫోన్ లైను!" అని వెనక సందులో వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. కొత్త వైరు మెయిన్ రోడ్డు దాకానే వచ్చింది మరి. సందులోకి ఇంకా రాలేదు.

ఇదంతా నాకు నిచ్చెనన్న చెప్పాడు. నేను సొంతంగా నెట్ కనెక్షన్లిచ్చే పనిలోకి దిగిన కొత్తలో స్తంభం ఎక్కడం నేర్పింది ఆయనే. ఎప్పుడూ భుజాన నిచ్చెన ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఏ వేళ పిలిచినా, ఎంత ఎత్తైనా వెనకాడని మనిషి... ఆ ఇంటి ముందు నుంచి మాత్రం నడవడు. చుట్టు తిరిగి వెళ్తాడు.

"ఎందుకన్నా?" అని ప్రాణం తోడేశాను. ఒకరోజు వానకి పని ఆగి, ఇద్దరం ఒక షెడ్డు కింద చిక్కుకుపోయినప్పుడు నోరు విప్పాడు.

ఆ ఇల్లు మందుల షాపాయనది. ఆయన కాపురం వెనక సందులో. ఇంట్లో ఆయన, ఆయన భార్య, ఆయన చెల్లెలు. చెల్లెల్ని మొగుడు వదిలేస్తే ఒక బ్యాగు, ఒక కుట్టుమిషను పట్టుకుని వచ్చింది. వదినకి ఆ మిషను చప్పుడు పడేది కాదు. చప్పుడొక్కటేనా... మనిషి నీడ కూడా పడేది కాదు.

"టకటక టకటక... తలలో మేకులు దిగ్గొడుతున్నట్టుంది."

"కాసిని కుట్లే వదినా. అయిపోయింది."

"నీ కాపురమూ అంతేగా. కాసిని కుట్లకే ఊడింది."

చెల్లెలు అన్నని అడిగింది ఒక్కటే. "అన్నయ్యా, ఆ ఇల్లు ఖాళీగానే ఉందిగా. నా మిషను అక్కడ పెట్టుకుంటా. మెయిన్ రోడ్డు కదా, నాలుగు బట్టలొస్తాయి. నా బతుకేదో నేను బతుకుతా."

"అక్కడ దెయ్యం ఉందమ్మా."

"ఉంటే ఉండనీ. ఇక్కడికంటే మర్యాదగానే చూస్తుంది."

అన్న నవ్వాడు కానీ సరే అనలేదు. చెల్లెలి మీద బెంగ కాదు. రేపు ఏదైనా అయితే, తోడబుట్టినదాన్ని దెయ్యం నోట్లోకి తోశాడని నలుగురూ అంటారని.

ఆయన బావమరిదికి కంప్యూటర్ల పిచ్చి. "బావా, అక్కడొక కెమెరా పెడదాం," అన్నాడు. "రోజూ రాత్రి నువ్వు ఇంట్లో కూర్చుని చూడు. వరసగా కొన్నాళ్ళు ఏమీ కనపడకపోతే మీ చెల్లెల్ని పంపెయ్."

కుర్రాళ్ళు వదిలేసి పోయిన లైనుకే కెమెరా తగిలించాడు. ముందు గదిలో తలుపు పైన బిగించాడు. రాత్రంతా ఒక బల్బు వెలిగేలా పెట్టాడు. ఇక్కడ మందుల షాపాయన కంప్యూటర్లో పేజీ తెరిస్తే, అక్కడి గది ఫొటో ఇక్కడికి వస్తుంది.

అంతా బాగానే ఉంది. ఆ వచ్చేది రావడమే...

ఆయనింట్లో నెట్ పాత ఫోన్ లైను మీదే కదా. మోడెమ్ కీచుమని అరిచి, గరగరలాడి, ఎప్పటికో కలిసేది. కలిశాక బొమ్మ పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా దిగేది, తుప్పు పట్టిన షట్టరు దించినట్టు. ముందు పైకప్పు... తర్వాత ఫ్యాను... గోడకి కొట్టిన మేకు... కిటికీ. నేను లెక్క కట్టి చూశాను. బావమరిది గొప్పకి పోయి పెట్టిన ఆ పెద్ద సైజు ఫొటో, ఆ లైను మీద మొత్తం దిగడానికి ఏడెనిమిది నిమిషాలు. కిటికీ దాకా అయితే అందులో సగం.

అంతసేపూ ఇంట్లో ఫోన్ పనిచేయదు. వదినకి వాళ్ళమ్మ ఫోన్ చేసే వేళ అదే.

"ఇంకా ఎంతసేపండీ?"

"కిటికీ దాకా వచ్చింది."

"చాలు, ఆపెయ్యండి. దెయ్యాల కాళ్ళు నేలకి ఆనవట. ఇంక నేల చూసేదేముంది?"

వేళాకోళానికి అన్న మాటే. ఆయనకి మాత్రం సబబుగా తోచింది. ఫ్యాను దగ్గర ఏమీ లేదు, కిటికీ దగ్గర ఏమీ లేదు — లైను కట్. రోజూ అంతే. ఆ గదిలో నేల ఎలా ఉందో ఆయన ఒక్క రాత్రి కూడా చూడలేదు.

చెల్లెలు వంటింట్లో గిన్నెలు తోముతూ అక్కణ్ణించే అడిగేది. "ఏమీ లేదుగా అన్నయ్యా?"

"లేదు. ఇంకొన్నాళ్ళు చూద్దాం."

ఇంకొన్నాళ్ళు... ఇంకొన్నాళ్ళు.

ఒక సాయంత్రం వదిన ఆ కుట్టుమిషన్ని ఈడ్పించి వాకిట్లో పెట్టించింది. వాన పడుతోంది. చెల్లెలు మిషను మీద ఒక గోనెపట్టా కప్పింది. లోపలికొచ్చి బ్యాగు తీసుకుంది.

"పిన్ని వాళ్ళింటికి పోతున్నా అన్నయ్యా."

అన్న టీవీ మీంచి తల తిప్పలేదు. తిని వెళ్ళమని కూడా ఎవరూ అనలేదు.

ఆ రాత్రి కూడా ఆయన పేజీ తెరిచాడు. పైకప్పు... ఫ్యాను... కిటికీ. ఏమీ లేదు. కట్.

మర్నాటి నుంచి మొదలైంది.

పగలంతా వర్క్‌షాపులో ఇనుము కోసే రొదలో ఏమీ తెలిసేది కాదు. రాత్రి షట్టరు పడ్డాక — ఆ ఇంట్లోంచి మూలుగు. సన్నగా... ఆగి ఆగి... మళ్ళీ. రోడ్డవతల పాలబూతు ఆయన విన్నాడు. సైకిళ్ళ కొట్టాయన విన్నాడు. విన్నవాళ్ళంతా చేసిన పని ఒకటే. కిటికీలు వేసుకున్నారు.

పొద్దున టీ కొట్టు దగ్గర దాని మీదే కబుర్లు.

"రాత్రి నీ దెయ్యం పెళ్ళాం ఏమంటోందిరా?" అని ఎవరో వెల్డింగ్ కుర్రాణ్ణి ఆటపట్టించారు. వాడు గ్లాసు పక్కన పెట్టి, ఆ మూలుగుని అచ్చం అలాగే మూలిగి చూపించాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

రాత్రి డ్యూటీ దిగి వచ్చిన ఒక నర్సు మాత్రం నవ్వలేదు. "నాకు నీళ్ళు... నీళ్ళు అన్నట్టు వినపడింది."

"దెయ్యానికి నీళ్ళెందుకు సిస్టర్, ఇంతమంది రక్తం ఉండగా!"

మళ్ళీ నవ్వులు.

ఆ రాత్రి ఫోన్ లైను ఎందుకో చురుగ్గా ఉంది. చాలు అనుకునేలోపే బొమ్మ కిటికీ దాటి ఇంకో పట్టీ దిగింది. కింది అంచున... పాలిపోయి... నాలుగు వేళ్ళు. పైకి చాచి ఉన్నాయి.

మందుల షాపాయన వైరు గోడలోంచి పీకేశాడు.

"ఏమైందండీ?"

"చెయ్యి... అక్కడ చెయ్యి..."

భార్య ఆయన నోరు మూసేసింది. "గట్టిగా అనకండి. వింటుంది."

మర్నాడు వర్క్‌షాపు మూసే వేళకి వెళ్ళి, లోపలికి తొంగి కూడా చూడకుండా, గేటుకి గొలుసు చుట్టి తాళం వేశాడు. తిరిగొచ్చేటప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎందుకలా పరుగెత్తాడో భార్యకి కూడా చెప్పలేదు.

ఆ తర్వాతి రోజే సందులోకి హైస్పీడ్ వైరు వచ్చింది. లాగింది నిచ్చెనన్న. ఇల్లిల్లూ కనెక్షను ఇచ్చుకుంటూ, ఆఖరున మందుల షాపాయనింటికి వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. గోడకి చిన్న పెట్టె బిగించాడు. దాని మీద పచ్చదీపాలు మినుకుమన్నాయి.

"ఇంక కీచుమనదా తమ్ముడూ?"

"అనదు సార్. ఫోనూ ఆగదు. రెండూ ఒకేసారి నడుస్తాయి. మీరు రోజూ చూసే పేజీ ఏదైనా తెరవండి, తేడా మీకే తెలుస్తుంది."

ఆయన కదల్లేదు. సిగ్గుపడుతున్నాడనుకుని నిచ్చెనన్నే మౌస్ అందుకున్నాడు. ఆఖరుసారి తెరిచిన పేజీ పైనే కనపడుతోంది. నొక్కాడు.

"వద్దు—"

కీచుమనలేదు. గరగరలాడలేదు. పట్టీలు లేవు. కన్ను మూసి తెరిచేలోగా గది మొత్తం వచ్చేసింది. పైకప్పు, ఫ్యాను, కిటికీ... నేల.

నేల మీద ఒక ఆడమనిషి. వెల్లకిలా పడి ఉంది. పక్కన బోర్లా పడిన స్టూలు, ఒక బకెట్టు. ఒక చెయ్యి పైకెత్తి ఉంది.

"సార్... ఎవరు సార్ ఆవిడ?"

"మా చెల్లెలు కాదు," అన్నాడాయన. ఎవరూ ఆ మాట అడగనే లేదు.

భార్య తెర దగ్గరికి వంగింది. "ఏవండీ... ఆ పచ్చ స్వెట్టరు నాదేనండీ. పాతబడిందని నేనే ఇచ్చా."

"దెయ్యాలు మనవాళ్ళ రూపంలోనే వస్తాయే! నిన్న గేటు దగ్గర దీని గొంతుతోనే పిలిచింది... అన్నయ్యా అని. నేను పలకలేదు. పలికితే పోతామంటారు కదా... పలకలేదు."

నిచ్చెనన్న ఫోన్ తీసి ఆయన భార్య చేతిలో పెట్టాడు. "అమ్మా, మీ ఆడపడుచు ఎక్కడుండాలో అక్కడికి చెయ్యండి. ముందు కనుక్కోండి."

తెర మీద బొమ్మ ఉండగానే ఫోన్ కలిసింది. పిన్ని గొంతు గదంతా వినపడింది. "ఇక్కడికా? ఎప్పుడే? అసలు రాలేదే!"

నిచ్చెనన్న బొమ్మని మళ్ళీ తెప్పించాడు. చెయ్యి ఇందాకటి చోట లేదు. ఎడమకి ఉంది. మళ్ళీ తెప్పించాడు. కుడికి ఉంది.

ఊపుతోంది.

"అంబులెన్సుకి చెయ్యండి! సార్, తాళం చెవి!"

మందుల షాపాయన జేబులో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి బయటికి రాలేదు. "నువ్వు కూడా వెళ్ళకు తమ్ముడూ... నీకూ పెళ్ళాం పిల్లలున్నారు..."

నిచ్చెనన్న ఇంక ఆగలేదు. నిచ్చెన భుజాన వేసుకుని సందులోంచి పరుగు. మెయిన్ రోడ్డు మీద మనిషి లేడు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గేటు గొలుసు చల్లగా తగిలింది. నిచ్చెన ఆనించి, దాటి, అవతలికి దూకాడు. ఇంటి తలుపుకి తాళం లేదు. వేలు ఆనించగానే తెరుచుకుంది.

లోపల బల్బు వెలుగుతోంది. ముక్కులు బద్దలయ్యే వాసన.

"ఎవరూ..."

గొంతు కాదది. గాలి.

"నెట్ కనెక్షను ఇచ్చే అబ్బాయినమ్మా. కదలకండి. అంబులెన్సు వస్తోంది."

పెదాలు పగిలి నల్లబడ్డాయి. బకెట్టు అడుగున చెమ్మ కూడా లేదు. నేల కడుగుదామని పట్టుకున్న నీళ్ళనే ఇన్నాళ్ళూ తాగింది. ఫ్యాను బూజు దులపబోయి స్టూలు మీంచి పడిందట. తుంటి విరిగింది. నిచ్చెనన్న ఆమె తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. తన సీసాలో నీళ్ళతో పెదాలు తడిపాడు.

"అన్నయ్యకి కనపడదామని తాళం చెవి తీసుకుని వచ్చా బాబూ," అంది. ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటోంది. "కెమెరాలో నన్ను చూస్తే... ఏమీ కాలేదుగా, ఉండు అంటాడని..."

"మాట్లాడకండమ్మా."

"ఆ తలుపు పైన... ఎర్రదీపం వెలుగుతుంది. వెలిగితే అన్నయ్య చూస్తున్నట్టు. వదిన తమ్ముడు చెప్పాడు." కళ్ళు అటే ఉన్నాయి. "రోజూ వెలిగింది. వెలగ్గానే చెయ్యి ఊపేదాన్ని. కాసేపటికి ఆరిపోయేది. పనిలో ఉన్నాడేమో... రేపొస్తాడులే అనుకునేదాన్ని."

నిచ్చెనన్న సీసా మళ్ళీ ఆమె పెదాలకి ఆనించాడు.

"ఇవాళ చాలాసార్లు వెలిగింది," అంది ఆమె. "వస్తున్నాడు కదూ?"

ఆ మాటకి జవాబన్నట్టు, తలుపు పైన ఎర్రటి చుక్క ఒకటి వెలిగింది.

ఆమె మొహం విప్పారింది. అంత నీరసంలోనూ చెయ్యెత్తింది. ఒకసారి ఊపింది. ఇంకోసారి ఊపింది. దీపం ఆరలేదు. ఎంతసేపు చూసినా ఫోన్ ఆగని లైను కదా. నేలా కనపడుతుంది, నేల మీద మనిషీ కనపడుతుంది, పగిలిన పెదాలూ కనపడతాయి.

"అన్నయ్యా..."

మూడోసారి లేచిన చెయ్యి గాలిలో కాసేపు ఆగింది. తర్వాత మెల్లగా నిచ్చెనన్న మోకాలి మీదికి వాలిపోయింది.

రోడ్డు మీద అంబులెన్సు కాదు కదా, ఏ బండి చప్పుడూ లేదు. ఎంతసేపు విన్నా లేదు.

తలుపు పైన దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.