తొలిముంత

పాలేటి వంపులో, ఎర్రరాతి గుట్టమీద, ఏడు బురుజులతో నిలిచిన నందిగుండ దుర్గాన్ని శత్రుసేన చుట్టుముట్టి అప్పటికి నాలుగు నెలలు. కింద మైదానమంతా గుడారాలు. పైన, గుర్రాలకు మేత లేక ఇళ్ల కప్పుల గడ్డి పీకుతున్న జనం. ఆ రెంటి మధ్య, తూర్పుగోడమీద కూర్చుని వాచిన కాళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుంటున్న ముసలి సేనాపతి ఎఱ్ఱమనాయకుడు.

ఆ దుర్గంలో పాతరాజు పెట్టిన కట్టడి ఒకటుండేది. కల్లు అమ్మేవారు కొద్దిపాటి సుంకం కట్టి అనుమతిముద్ర పొందాలి. రోజూ కుండ తెరవగానే తొలిముంత, కొనేవారి ఎదుట తామే తాగాలి. పోలమ్మ ముప్పైయేళ్లు అలా తాగే అమ్మింది. "అత్తా, కల్లుకన్నా నువ్వే ముందు పులిశావే!" అని భటులు ఆటపట్టిస్తే, "పులిసినా నిలబడే ఉన్నాను. నువ్వు గోడ పట్టుకో నాయనా" అనేది.

ముట్టడి మొదలైన నెలకు మంత్రి విద్దనామాత్యుడు కొత్తరాజు గండదేవుడికి విన్నవించాడు. "దేవరా, కిరాయిసైన్యానికి జీతాలు లేవు. విడి ముద్రలన్నీ రద్దుచేసి, పన్నెండు కల్లు అంగళ్లూ ఒక్క గుత్తేదారుకిస్తే రాబడి మూడింతలు. అయితే పన్నెండు చోట్ల తొలిముంత తాగడం ఒక్కడివల్ల కాదు గనుక ఆ కట్టడి ఎత్తివేయవలె."

మంత్రి అబద్ధమాడలేదు. రాబడి మూడింతలే అయింది. తూర్పుగోడ ఎత్తు పెంచడమూ ఆ సొమ్ముతోనే మొదలైంది. కాని కోట లోపలి ఈతవనం పెరగలేదు కదా! గుత్తేదారు కల్లులో నీళ్లు కలిపాడు, నీళ్లు తెలియకుండా ఉమ్మెత్తగింజలు నూరి కలిపాడు.

ఒక ఉదయం తూర్పుగోడ కావలివారు నలభైమంది, నాలుకలు ఎండి, కళ్లు గాజుగోళీల్లా తెరచి, గోడతో మాట్లాడుతూ దొరికారు. శత్రువు నిచ్చెనలు వేశాడు. సేనాపతి పదకొండుమందితో వాటిని తోసేసి, నెత్తురైనా కడుక్కోకుండా, అంగడి కుండ చంకన పెట్టుకుని సభకు వచ్చాడు.

"ప్రభూ, ఇది ఉమ్మెత్త అని పోలమ్మ వాసనచూసి చెప్పింది. కట్టడి తిరిగి పెట్టించండి."

"ఒక ముసలిదాని ముక్కును నమ్మి ఖజానా ఎండగట్టమంటారా నాయకా? భటులు అలసి ఉంటారు" అన్నాడు మంత్రి.

"అలసింది నేను కూడానయ్యా. గోడతో మాట్లాడటం లేదే!"

రాజు తల దించుకున్నాడు. "తాతా, ఆ రాబడి పోతే రేపు జీతాలెవరిస్తారు?"

ఎఱ్ఱమనాయకుడు ముంత నింపి సింహాసనం ముందు పెట్టాడు. "అది నాకు తెలియదు ప్రభూ. ఒక్కటే అడుగుతాను. గుత్తేదారు సొమ్ము పుచ్చుకున్నది తమరు. అంటే ఈ కల్లు అమ్మింది తమరే. తొలిముంత ఎవరిది?"

రాజు చేయి ముందుకొచ్చింది. అది ముంతను తాకేలోపే సేనాపతి దాన్ని అందుకున్నాడు.

"ప్రభువు తాగకూడదు. ప్రభువు ఉప్పు తిన్నవాడు తాగాలి. ఇన్నేళ్లు పోషించింది ఇందుకేగా!"

చివరిచుక్కదాకా తాగి, స్తంభానికి చేరగిలబడి, "కాళ్లు లాగుతున్నాయి" అని కూర్చున్నాడు. కాసేపటికి చూపు ఎటో నిలిచిపోయింది. "తూర్పుగోడ చూసుకుంటున్నాను మహాప్రభూ, తమరు వెళ్లి పడుకోండి" అన్నాడు, కన్నుమూసిన పాతరాజుతో. గండదేవుడు దిగివచ్చి ఆ తల ఒడిలో పెట్టుకున్నాడు. పొద్దు వాలేసరికి ముసలి గుండె ఆగిపోయింది.

గుత్త రద్దయింది. తొలిముంత తిరిగి వచ్చింది. రాబడి పడిపోయింది, జీతాలందక కిరాయిసైన్యం కోట దిగిపోయింది, తూర్పుగోడ సగంలో నిలిచిపోయింది. ఆ సగం గోడమీద, వానలు ముంచెత్తి పాలేరు పొంగి శత్రువు గుడారాలు పీకేదాకా, తేరుకున్న నలభైమందీ, పోలమ్మ కొడుకులూ వంతులవారీగా మేలుకుని నిలబడ్డారు.

ఆనాటినుంచి ఏటా ముద్రలిచ్చే రోజున తొలిముంత రాజే తాగేవాడు. తూర్పుగోడ మాత్రం ఎప్పటికీ పూర్తికాలేదు.