ఏడో గది ఖఫారా

బస్రాలో ఆ ఆసుపత్రి పేరెందుకులెండి. మూడో అంతస్తు చివర ఏడో గది ఉంది. మంచం ఉంది, పరుపు ఉంది, ఏసీ కూడా ఉంది... పడుకునే మనిషే లేడు. రాత్రి డ్యూటీని వాళ్ళు ఖఫారా అంటారు. ఖఫారాలో ఉన్న డాక్టర్లు కుర్చీల్లో తూగుతారు, స్ట్రెచర్ల మీద వాలతారు, ఆ తలుపు మాత్రం ముట్టుకోరు. అర్ధరాత్రి దాటాక అందులో ఎవరో పిలుస్తారట — మెల్లగా, మర్యాదగా.

“మర్యాదగా పిలిచారంటేనే తెలియడంలా, మన పెద్ద డాక్టర్లెవరూ కాదని!” అనేది వార్డులు ఊడ్చే సబ్రియా పిన్ని.

తబారక్ అక్కడ శిక్షణలో ఉన్న డాక్టరు. ముప్ఫై నాలుగు గంటలుగా కంటిమీద కునుకు లేదు. ఆ సాయంత్రం ఒక పిల్లాడి మందు పక్క మంచం పిల్లకి ఎక్కించబోయింది. నర్సు చెయ్యి పట్టుకుని ఆపింది కాబట్టి సరిపోయింది. నిద్రపోకపోతే ఇవాళ ఎవరినో చంపేస్తానని తబారక్‌కి భయం పట్టుకుంది.

వెళ్ళి పెద్ద డాక్టరు మిక్దాద్‌కి చెప్పుకుంది. ఆయన కాగితాల్లోంచి తలెత్తలేదు.

“మా రోజుల్లో నిద్రంటే ఏంటో మాకు తెలీదు. డాక్టర్ల మానసిక ఆరోగ్యం మీద రేపు నేనే మాట్లాడుతున్నా. వచ్చి విను, హాయిగా ఉంటుంది” అన్నాడు.

రాత్రి రెండైంది. తోటి డాక్టరు ముహన్నద్ జాలిపడ్డాడు.

“ఒక్క గంట నేను చూసుకుంటాలే, వెళ్ళు. ఎక్కడ పడుకుంటావు?”

“ఏడో గదిలో.”

“పిచ్చా నీకు? దెయ్యం ఉందక్కడ!”

“సెలైన్ అయిపోయిందని దెయ్యం నన్ను లేపదుగా!”

తలుపు తోసింది. చీకటి... ఫినాయిల్ వాసన. చెప్పులు విడిచి మంచం మీద వాలింది. కళ్ళు మూతపడ్డాయో లేదో —

“డాక్టరమ్మా...”

చెవి పక్కనే. వేడి లేని ఊపిరి.

“నా ఖఫారా ఎప్పుడో అయిపోయిందమ్మా... అప్పగించుకునేవాళ్ళు వస్తేగాని కదలకూడదన్నారు. ఎవరూ రాలేదు... నువ్వొచ్చావా?”

మామూలు మనిషైతే కెవ్వుమనేది. తబారక్ కళ్ళయినా తెరవకుండా, అలవాటు కొద్దీ — “ఊఁ... చెప్పండి” అంది.

“మూడో మంచం, జ్వరం... ఐదో మంచానికి రక్తం రావాలి... ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నా...”

“ఊఁ.”

“తీసుకున్నట్టేనా?”

“తీసుకున్నా. మీరెళ్ళండి.”

ఎవరో పెద్దగా నిట్టూర్చారు. తలుపు తెరుచుకుంది... మూసుకుంది.

తెల్లారాక తబారక్ లేచింది. తలనొప్పి లేదు, చేతుల్లో వణుకు లేదు, ఒళ్ళంతా తేలిక. ఒక్క రాత్రి నిద్రకి ఇంత మహిమా అని సంబరపడిపోయింది. వార్డుకి పరుగెత్తి మిక్దాద్ ముందు నిలబడి రోగుల సంగతి చెప్పింది. ఆయన వినిపించుకోలేదు. ఎప్పుడు వినిపించుకున్నాడు గనక! ఆమెకి అనుమానమే రాలేదు.

ఇంతలో ఎవరో వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పారు. ఆయన విసుక్కుంటూ మూడో అంతస్తుకి బయల్దేరాడు. తబారక్ కూడా వెనకే వెళ్ళింది.

ఏడో గది నిండా జనం. సబ్రియా పిన్ని గుండెలు బాదుకుంటోంది. ముహన్నద్ మంచం పక్కన కూలబడిపోయాడు.

“పొద్దుటిదాకా పడుకోనీ అని లేపలేదే... ఒక్కసారి లేపి చూడాల్సింది...” అని ఏడుస్తున్నాడు.

మంచం మీద తబారక్. కళ్ళు మూసుకుని, చాలా హాయిగా.

గుమ్మంలో నిలబడ్డ తబారక్ మంచం మీదున్న తన ముఖాన్ని చూసింది, తర్వాత తన చేతులు చూసుకుంది.

మిక్దాద్ నాడి చూశాడు. “అయ్యో పాపం” అన్నాడు. జేబులోంచి డ్యూటీ జాబితా తీశాడు.

“సరే... ఇవాళ రాత్రి ఈ అమ్మాయి ఖఫారా ఎవరు చేస్తారు?”



“నేను చేస్తాను సార్.”

గదిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా గుమ్మం వైపు తిరిగారు. గుమ్మంలో ఎవరూ లేరు.