చిట్టెయ్య ముద్ద

"అదిగో! మూడు కొమ్ముల కొండ! అదే మావయ్యా, అదే!"

గంగాభవాని కేకకి పడవ ఊగిపోయింది. పేర్రాజు ఒళ్ళో పరుచుకున్న పాత తెరచాప గుడ్డ మీదికి వంగాడు. గుడ్డ మీద తారుతో గీసిన మూడు కొమ్ములూ, ఎదురుగా పొగమంచులోంచి తలలు బయటపెట్టిన కొండ కొమ్ములూ ఒక్కటే. బొమ్మలో కొండ కింద నల్లటి మచ్చ ఉంది, అది గుహ. మచ్చ పక్కన చిన్న పెట్టె. గీసినవాడు పేర్రాజు ముత్తాత, కోరంగి సరంగు ఓలేటి అప్పన్న.

ఎప్పటి మాటో అది. ఉప్పు చేపల కోసం ఉత్తర ధ్రువం వైపు వెళ్ళిన ఓడ ఈ లాబ్రడార్ మంచు ఒడ్డున బద్దలైంది. కెప్టెన్ దొర తాలూకు కాసుల పెట్టెతో ఒడ్డుకి కొట్టుకొచ్చింది అప్పన్న, అతని తమ్ముడు చిట్టెయ్య. కోరంగికి తిరిగొచ్చింది అప్పన్న ఒక్కడే, పెట్టెని గుహలోనే దాచి వచ్చాడు. తమ్ముడు చలికి పోయాడని చెప్పాడు, ఊరు అయ్యో పాపం అంది.

అయితే ఆ ఇంట్లో ఒక పీడ మొదలైంది. అరవై దాటిన ఓలేటి మగాడికి అన్నం దిగదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇసక నమిలినట్టుంటుంది. అప్పన్న అలాగే ఎండి పోయాడు, పేర్రాజు తాతా అలాగే, నాన్నా అలాగే. పోయే ముందు నాన్న పేర్రాజు చెవిలో అసలు సంగతి చెప్పాడు. "చిట్టెయ్య తాత చలికి చావలేదురా. కాలు విరిగి కూర్చునుంటే, ఉన్న తిండంతా మూటగట్టుకుని మా తాత వచ్చేశాడు. ఇప్పుడే వస్తానని చెప్పి మరీ వచ్చేశాడు."

కాకినాడ హార్బర్‌లో టగ్గు నడిపి రిటైరైన పేర్రాజుకి ఇప్పుడు అరవై ఒకటి. ఏడాదిగా అన్నం సయించడం లేదు. డాక్టర్లు లోపల కెమెరా పెట్టి చూసి, ఏమీ లేదు పొమ్మన్నారు. తన వంతు వచ్చిందని పేర్రాజుకి అర్థమైపోయింది. చిట్టెయ్య కూర్చున్న చోటు వెతికి, ఇంత ముద్ద పెట్టి, ఆయన చేత తినిపించాలి. అందుకే ఉన్నదంతా ఊడ్చుకుని ఇంత దూరం వచ్చాడు.

అక్కకూతురు భవాని సంగతి వేరు. కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఆ పిల్లకి చిన్నప్పట్నించీ ఆ పెట్టె మీదే ధ్యాస. అసలు సంగతి దానికి తెలియదు. చెప్పడానికి పేర్రాజుకి నోరు రాలేదు.

వాళ్ళని నడిపిస్తున్న సబీనా ఆ ఒడ్డు మనిషే. యాభై దాటిన గట్టి పిండం. గుడారాలూ పడవా ఆమెవే, భుజాన తుపాకీ ఎప్పుడూ ఉంటుంది. మొదటిరోజే ఇంగ్లీషులో ఖండితంగా చెప్పేసింది.

"తిండి ఈ మూత పీపాలోనే ఉండాలి. ఒక్క మెతుకు బయట పడకూడదు, జేబులో బిస్కట్టు కూడా కుదరదు. తెల్ల ఎలుగు మైళ్ళ దూరం నుంచి వాసన పడుతుంది. ఒకసారి మనిషి తిండి రుచి మరిగిందా, తిన్నగా మా ఊరి మీదికొస్తుంది. అక్కడ పిల్లలుంటారు. అప్పుడు దాన్ని నేనే చంపాలి."

పేర్రాజు బుద్ధిగా తలాడించాడు. అతని కోటు లోపలి జేబులో ఇంటి నుంచి తెచ్చిన నువ్వుల పొట్లం ఉంది.

మూడు రోజులు గుడారాలేస్తూ, కొండలెక్కుతూ, వాగులు దాటుతూ ఒడ్డంతా గాలించారు. చెట్టన్నది లేదు. నాచు, రాళ్ళు, వాటి మీద పాకే మంచు. దెయ్యాలకి చీకటి కావాలంటారు గానీ, సూర్యుడు పట్టుమని ఆరు గంటలు కూడా కనుమరుగు కాని ఆ దేశంలో పట్టపగలే పేర్రాజు వెనక ఎవరో దగ్గేవారు. తిరిగి చూస్తే మంచే ఉండేది. ఒక మధ్యాహ్నం సబీనా టీ పోస్తూ నాలుగు కప్పులు నింపింది. నాలుగోది ఎవరికని భవాని నవ్వితే, ఆమె కప్పు వంక చూసి మొహం గంటు పెట్టుకుంది.

"ముందు ఒక రేవుంది, ఆ రేవులో మావాళ్ళెవరూ దిగరు. అక్కడ ఎవడో ఆకలితో కూర్చున్నాడని మా అమ్మమ్మ అనేది."

పేర్రాజు టీ తాగలేకపోయాడు.

ఇదిగో, ఇప్పుడు ఆ రేవే. పడవని బండలకి ఆనించి సబీనా గడియారం చూసింది.

"గంటన్నర టైముంది. పోటు మొదలైతే ఈ బండలన్నీ మునుగుతాయి. నేను కేకేస్తే పరుగెత్తుకు రావాలి!"

నాచు పట్టిన రాళ్ళ మీద జారుతూ, పడుతూ, లేస్తూ ఇద్దరూ గుహ చేరారు. లోపల చల్లగా, ఉప్పు కంపు కొడుతోంది. భవాని టార్చి వెలుగు గోడల మీద పరుగెత్తి, ఎత్తుగా ఉన్న ఒక అరుగు దగ్గర ఆగిపోయింది.

మనిషి కూర్చున్నట్టే ఉన్నాడు. ఎముకలు గోడకి చేరగిలబడి ఉన్నాయి. ఒక కాలు ముందుకి చాపి ఉంది, ఆ కాలి ఎముక రెండు ముక్కలు. నడుముండాల్సిన చోట మన మొలతాడుకి కట్టే వెండి బిళ్ళ. మొహం గుమ్మం వైపే ఉంది. ఎవరో వస్తారని చూస్తున్నట్టుంది.

"తాతా..." అన్నాడు పేర్రాజు. అరుగు ముందు కూర్చుండిపోయాడు.

భవాని కూడా చేతులు జోడించింది. ఆ తర్వాత ఆమె కళ్ళు పక్కకి తిరిగాయి. ఇనప పెట్టె! రాయితో రెండు దెబ్బలు వేస్తే తుప్పు గడియ ఊడింది. మూత తీస్తే పచ్చగా తళతళ. భవాని దోసిలి నిండా కాసులు తీసుకుని పిచ్చిదానిలా నవ్వింది.

పేర్రాజు అటు చూడలేదు. గుహ బయట ఎత్తైన బండ దగ్గరికి వెళ్ళి, జేబులోంచి ప్లాస్టిక్ సంచీ తీశాడు. పొద్దున సబీనా కన్నుగప్పి దాచిన అన్నం అది. నువ్వులు కలిపి, ముద్ద చేసి, బండ మీద పెట్టి చప్పట్లు కొట్టాడు.

"కావ్! కావ్! రా తాతా!"

మంచులోంచి కాకి వచ్చింది. మన కాకికి రెండింతలున్న బొంతకాకి. ముద్దకి బారెడు దూరంలో వాలి, మెడ వంచి చూసింది. ముట్టలేదు.

"నీ పేరు మా మనవడికి పెట్టుకుంటాను తాతా."

ముట్టలేదు.

"కోరంగి రేవులో నీకు కర్మ చేయిస్తాను. ఊరందరికీ భోజనాలు పెడతాను. ఇంకేం కావాలి నీకు? చెప్పు!"

కాకి రెండడుగులు వెనక్కి గెంతింది. పేర్రాజుకి ఏడుపొచ్చేసింది.

అప్పుడే కాకి చివాలున లేచిపోయింది. కొండ వాలు మీద మంచు కదిలింది. కదిలింది మంచు కాదు. తెల్ల ఎలుగు! బక్కచిక్కిన పడుచు ఎలుగు, ముక్కు పైకెత్తి గాలి పీలుస్తూ తిన్నగా ముద్ద వైపు వస్తోంది.

"వెనక్కి!" పడవ దగ్గర్నించి సబీనా అరిచింది. ఆమె వదిలిన తారాజువ్వ చుయ్యిమని లేచి ఎర్రగా పేలింది. ఎలుగు ఆగింది, బెదిరింది, మళ్ళీ అడుగేసింది. ఆకలి దానిది. సబీనా తుపాకీ భుజానికెత్తింది.

"కాల్చొద్దు!" పేర్రాజు గొంతు చించుకున్నాడు. "తప్పు నాది! దాన్ని చంపొద్దు!"

తను పెట్టిన ముద్ద కోసం ఇంకో ప్రాణం ఇక్కడ పోతే ఆ పాపం ఏ గోదాట్లో మునిగితే పోతుంది? ఒక్క ఉదుటున గుహలోకి ఉరికి, భవాని చేతుల్లోంచి పెట్టె లాగేసుకున్నాడు. బయటికొచ్చి ఇనప మూతని ధనధనమని బాదాడు. ఎలుగు ఇరవై అడుగుల్లోకి వచ్చేసింది. పిడికెడు కాసులు తీసి దాని ముక్కు మీదికి బలంగా విసిరాడు.

"మావయ్యా! నీకేమన్నా మతిపోయిందా? అవి బంగారు కాసులు!"

"ముద్ద తిందంటే దాన్ని కాల్చేస్తుందే! విసురు! నువ్వూ విసురు!"

భవాని ఎలుగుని చూసింది, దాని డొక్కలు చూసింది. "ఛీ, నా తలరాత!" అని పెట్టెలో రెండు చేతులూ ముంచింది. ఇద్దరూ అరుస్తూ, బాదుతూ, దొర సొత్తంతా దోసిళ్ళతో కుమ్మరించారు. కాసులు బండల మీద గణగణ ఎగిరి సముద్రంలో పడ్డాయి. ఒకటి ఎలుగు కంటి పక్కన తగిలింది. అది గుర్రుమని, ఒళ్ళు విదిలించుకుని, వెనుదిరిగి వాలెక్కి మంచులో కలిసిపోయింది.

పెట్టె అడుగున తుప్పు తప్ప ఏమీ మిగల్లేదు. భవాని రొప్పుతూ ఖాళీ పెట్టెలోకి చూసి, మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చింది.

సబీనా బండ మీది ముద్దని చూసి నిప్పులు కక్కింది. "ఇదా నువ్వు చేసిన పని? నీళ్ళలో పారెయ్ దాన్ని! పోటొచ్చేస్తోంది, పడవెక్కండి!"

పేర్రాజు ముద్ద ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇవ్వడానికి ఇంక ఏమీ లేదు. భవానికి వినపడేలా చెప్పాడు.

"తాతా, నువ్వు చలికి పోలేదు. బతికుండగానే మీ అన్న అప్పన్న నిన్ను వదిలేశాడు. తిండంతా ఎత్తుకుపోయాడు. వస్తానని అబద్ధమాడాడు. మా నాన్న చెప్పాడు, నాకూ తెలుసు. పరువు పోతుందని నేనూ నోరు నొక్కుకున్నాను. ఊరికెళ్ళి అందరికీ చెప్తాను."

భవాని తలెత్తింది. "నిజమేనా మావయ్యా?"

"నిజమే."

రెక్కల చప్పుడైంది. బొంతకాకి బండ మీద వాలింది. ఈసారి మెడ వంచి చూడలేదు. తిన్నగా వచ్చి ముద్దని పొడిచింది.

సబీనా అరవబోయి ఆగిపోయింది. పడవలోకి గెంతి, ఇంజను తాడు పట్టుకుని, గొంతు తగ్గించి అంది, "నీళ్ళు నడుము దాటితే నేనాగను."

నీళ్ళు చీలమండలు దాటాయి. ప్రాణం జివ్వుమని లాగేసే చలి. భవాని పడవ దాకా వెళ్ళి వెనక్కి చూసింది.

"రా మావయ్యా! మునిగిపోతాం!"

"నువ్వెక్కమ్మా. మావాడు ఈయన్ని ఆకలి మీద వదిలేసి వెళ్ళిపోయాడు. ఈయన తినడం అయ్యేదాకా నేను కదల్ను."

భవాని పడవ అంచు వదిలేసింది. నీళ్ళలో తడబడుతూ వచ్చి మావయ్య చెయ్యి పట్టుకుని నిలబడింది. కాకికి తొందరేం లేదు. అన్నం తింది, నువ్వులు ఒక్కొక్కటీ ఏరుకుని తింది. మోకాళ్ళ మీదికి నీళ్ళొచ్చాయి, వాళ్ళిద్దరి పళ్ళూ టకటక కొట్టుకుంటున్నాయి. చివరి మెతుకూ అయ్యాక, కాకి ముక్కు బండకేసి తుడుచుకుని కొండ వైపు ఎగిరిపోయింది.

అప్పుడు గానీ పేర్రాజు పడవ వైపు తిరగలేదు.