నేయని నాలుగో గొల్లభామ

ఆ పొద్దున నాగేశ్ మహా హుషారుగా ఉన్నాడు. తండ్రి లక్ష్మీరాజం పోయి ఆ రోజుకి సరిగ్గా ఏడాది. సిద్దిపేటలోని తన అద్దాల వర్క్‌షాపు నుంచి దుప్పటి చుట్టిన పెద్ద అద్దమొకటి మోయించుకొచ్చి, ముందుగదిలో గోడకు ఆనించి తల్లిని పిలిచాడు.

"అవ్వా, కండ్లు మూసుకో!"

"పొద్దుగాల్నే ఏం ఆటలురా?" అంటూనే కొమురవ్వ చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి కళ్లు మూసుకుంది.

దుప్పటి లాగాడు. రెండు అద్దాల మధ్య, లక్ష్మీరాజం మగ్గం మీద ఆఖరిగా నేసిన చీర కొంగు! నేతలోనే తేలిన గొల్లభామ బొమ్మలు మూడు నిండుగా, నాలుగోది నడుము దాకా. కింద నేయకుండా మిగిలిన పోగుల్ని కూడా జడ దువ్వినట్టు సరిచేసి పరిచాడు నాగేశ్ మహానుభావుడు.

కొమురవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "గిది నా సందుగలది గదరా?"

"నేనే తీసిచ్చిన అత్తమ్మా," అంది నాగేశ్ భార్య శైలజ. "మీరు సంబురపడ్తరనుకున్నం."

"చూసిన గదా. ఇగ బయటికి తియ్యిన్రి."

నాగేశ్ నవ్వు ఆగిపోయింది. "రాదవ్వా. చీరకు రెండు దిక్కుల ప్లాస్టిక్ ఫిల్మ్ వెట్టి, రెండద్దాల నడుమ భట్టీల కాల్చిన. అది కరిగి పోగుపోగుల దిగింది."

"పలగ్గొట్టు మరి!"

"అద్దం పలిగినా ఫిల్మ్ ఇడువది..." గిరాకీలకు రోజూ గొప్పగా చెప్పే మాటే. ఇవాళ తల దించుకుని చెప్పాడు.

కొమురవ్వ నేయని పోగుల కేసి చెయ్యి చూపింది. "గా పోగులకు కొత్త పోగులు అతికి, మీ బాపు ఇడిసిన కాడికెల్లి నేద్దామనుకున్న. గందుకే కొసలు ముడేసి దాసిన. నాలుగోదాన్ని ఇగ ఎట్ల నిండియ్యాల్రా?"

ఆ ముడులన్నీ ఓపిగ్గా విప్పింది నాగేశే. నేతగాళ్ల ఇంట పుట్టి కూడా, అవి ఎందుకున్నాయో అతనికి తట్టలేదు. సిగ్గుతో తల తిరిగిపోయింది. సుత్తి తెచ్చి అద్దాన్ని ఓ మూల బలంగా కొట్టాడు. బీటలు పాకాయి గాని ఒక్క పెంకు రాలలేదు. మళ్లీ ఎత్తాడు.

"ఆగు బిడ్డా!" తల్లి చెయ్యి పట్టుకుంది. "మీ బాపును కొడుతున్నట్టున్నది."

సుత్తి కింద పడేసి నాగేశ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నిన్నొక్క మాట అడగకపోతినవ్వా."

"నేను మాత్రం జెప్పిన్నా? గీ వయసుల మగ్గమేందని నవ్వుతరని, నోరు మూసుకున్న."

ఆ చీరకు ఇక చేయగలిగింది ఏమీ లేదు. తర్వాత కొమురవ్వ కళ్లజోడు పెట్టుకుని అద్దం ముందుకు జరిగింది.

"ఇటు రా. గీ మూడో గొల్లభామకు అడ్డపోగులు ఎన్నో లెక్కవెట్టు. గదే లెక్కతోని కొత్త కొంగు నేద్దాం. పోగులు నువ్వే అతకాలె."

నాగేశ్ వేలు ఆనించి లెక్క మొదలుపెట్టాడు. వేలికి చల్లటి అద్దమే తగిలింది, తండ్రి నేత తగల్లేదు. పదిహేడు దగ్గర కళ్లు మసకబారి లెక్క తప్పాడు.

"మళ్ల మొదటికెల్లి," అంది కొమురవ్వ, కొంగుతో కొడుకు కళ్లు తుడుస్తూ.